తొమ్మిదో పాటకు రెండు నిమిషాలు

మంగమ్మ పేరు నా పుస్తకంలో ఎక్కడా లేదు. ఇరవై మూడో నెంబరు అని ఉంది. ఆడ, ముప్పై రెండేళ్ళు, చదువు లేదు, మామిడి ప్యాకింగ్ కూలి, రేడియో వినడం అప్పుడప్పుడు. ఒక మనిషి గురించి ఇంతకంటే తెలుసుకోవలసింది ఏముంటుందని ఆ రోజుల్లో నా నమ్మకం. సైకాలజీ ఎం.ఏ. ఫస్టు క్లాసులో ప్యాసై, రెండేళ్ళు ఇంట్లో తిని కూర్చున్నవాడికి నమ్మకాలు గట్టిగానే ఉంటాయి.

ఎనభై ఆరు వేసవిలో నాకొక పని దొరికింది. విదేశంలో ఒక ప్రొఫెసరుగారు, పాట వింటే మనిషికి కలిగే సంతోషం, దుఃఖం అన్ని దేశాల్లోనూ ఒకటేనా, లేక ఎవరి పాటకు వాళ్ళే ఏడుస్తారా అని తేల్చడానికి పూనుకున్నారు. అయిదు దేశాల్లో పల్లెటూళ్ళు ఎంచుకున్నారు. మా యూనివర్సిటీ మాస్టారి ద్వారా తెలుగు పల్లెలు నా వాటాకు వచ్చాయి. పార్సెల్లో ఒక టేపురికార్డరు, రెండు క్యాసెట్లు, ఒక స్టాప్‌వాచీ, నాలుగు మొహాలు గీసిన అట్ట ఒకటి వచ్చాయి. మొదటి క్యాసెట్టులో పన్నెండు దేశాల పాటలు పన్నెండు, ఒక్కొక్కటీ సరిగ్గా రెండు నిమిషాలు. అవే పాటలు మొదటినుంచి చివరిదాకా రెండో క్యాసెట్టులో ఉన్నాయి గాని అది నా అవగాహన కోసం మాత్రమే, ఎవరికీ వినిపించకూడదు. అట్ట మీద నవ్వే మొహం, ఏడ్చే మొహం, కోపం మొహం, భయం మొహం. పాట వినిపించి, ఏ మొహమో వేలు పెట్టి చూపించమనాలి. పని బాగా చేస్తే వ్యాసంలో నా పేరు కూడా వేస్తామని రాశారు. ఆ పేరు పడితే లెక్చరరు ఉద్యోగం ఖాయమని మాస్టారు అన్నారు. నాకింకేం కావాలి?

రెడ్డిగూడెం దగ్గర మా బాబాయి బసవపున్నారావుగారి మామిడితోటలో మకాం పెట్టాను. ఆ ఏడు కాయంతా చెట్ల మీదుండగానే పున్నయ్య అనే వ్యాపారి కొనేశాడు. అంచేత కోతలు అయ్యేదాకా తోట బాబాయిది, పెత్తనం పున్నయ్యది. మగవాళ్ళు చిక్కం కర్రలతో కాయ దించుతారు. ఆడవాళ్ళు పాకలో కూర్చుని సొన తుడిచి, సైజులు ఏరి, పెట్టెల్లో గడ్డి పరిచి పేరుస్తారు. ఒకేచోట నలభైమంది మనుషులు, ఇంకో దేశం పాట ఎప్పుడూ వినని చెవులు. ప్రొఫెసరుగారికి కావలసిన సరుకు. అవును, సరుకు అనే అనుకున్నాను. ఇప్పుడు మాట మార్చి లాభం లేదు.

మొదటి వారంలోనే పని అడ్డం తిరిగింది. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఒక్కొక్కరినీ పిలిచి వినిపిస్తే, అందరూ నవ్వే మొహం మీదే వేలు పెట్టారు. ఏదో దేశంలో శవం ముందు పాడే పాటకు నవ్వు. పడవ మునిగి పోయినవాళ్ళ మీద కట్టిన పాటకు నవ్వు. యుద్ధానికి వెళ్ళే పాటకూ నవ్వే. కాయ దించే ముసలాయన యలమంద కూడా పన్నెండింటికీ నవ్వే చూపించేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏం యలమందా, ఇదీ నవ్వొచ్చే పాటేనా?"

"కాదండి. గుండెల్లో గుబులు గుబులుగా ఉందండి."

"మరి నవ్వే మొహం చూపిస్తావేంటి?"

ఆయన నన్ను చిన్నపిల్లాణ్ణి చూసినట్టు చూశాడు. "కోత జరిగే తోటలో ఏడుపు మొహం మీద వేలెడతామా బాబుగారూ? కాయ దారిలోనే కుళ్ళిపోదూ?"

అదీ సంగతి. ఇరవై రెండు ఫారాలు దండగైపోయాయి. వినేవాళ్ళ వయసు, చెవుల పరీక్ష, సెల్లులు ఎన్నాళ్ళకు మార్చాలో కూడా రాసి పంపిన ప్రొఫెసరుగారికి ఈ సంగతి తట్టలేదు. ఆయన సంగతి సరే, ఈ తోటల్లోనే పుట్టి పెరిగిన నాకైనా తట్టొద్దూ? అట్ట సంచిలో పడేసి, ఇకనుంచి నోటితో చెప్పమన్నాను. నోటితో మాత్రం నిజం చెబుతారా! అప్పుడు ఇరవై మూడో నెంబరుగా మంగమ్మ వచ్చింది.

సన్నటి మనిషి. మాట తక్కువ. చేతుల నిండా సొన మచ్చలు. పాక చివర, పెట్టెల మధ్య పీట వేసుకుని కూర్చుంది. ఎనిమిది పాటలకు ఎనిమిదిసార్లు "బాగుందండి" అంది. తొమ్మిదోది పెట్టాను. నా కాగితంలో దాని ఎదురుగా 'పెళ్ళిపాట, సంతోషం' అని ఉంది. చలిదేశం ఒకదానిలో కొత్త కోడలు గడప తొక్కుతుంటే పాడేది. తోలుతిత్తి లాంటి వాయిద్యం ఒకటి గుర్రుమంటూ ఒకే శ్రుతి పట్టుకుని వదలకుండా పోతుంటుంది, దాని మీద ఆడవాళ్ళు గొంతులు కలుపుతారు.

యాభై రెండో సెకనులో మంగమ్మ ఏడ్చింది. కంట నీరు పెట్టుకోవడం కాదు. రెండు చేతులూ మోకాళ్ళ మీద కొట్టుకుంటూ, "నా తల్లీ, నా తిరపతమ్మా" అని రాగం తీసి, తోట దద్దరిల్లేలా ఏడ్చింది. పాకలో చేతులన్నీ ఆగిపోయాయి. రెండు నిమిషాలు కాగానే పాట టక్కున ఆగింది. ఆమె ఏడుపూ ఆగిపోయింది. తను చేసిందేమిటో తనకే అర్థం కానట్టు చుట్టూ చూసింది.

లారీ దగ్గర తాళ్ళు బిగించే చోటునుంచి పున్నయ్య పరిగెత్తుకొచ్చాడు. "ఎవరా ఏడ్చేది? లారీ కదిలేవేళ తోటలో ఈ శోకాలేంటి?" అని అరిచాడు. మంగమ్మను చూసి మాత్రం ఒక్క క్షణం తగ్గాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "ఏంటబ్బాయ్ ఇది? పాటలంటే సరేలే అనుకున్నాను. జనాన్ని ఏడిపిస్తానని చెప్పావా నాకు?" మంగమ్మను ఆ పూటకు ఇంటికి పొమ్మన్నాడు.

ఆమెను ఎవరైనా తిడతారేమో అనుకున్నాను. ఎవరూ తిట్టలేదు. ఆమె పక్కన కాయ పేర్చే పార్వతి నా దగ్గరకొచ్చి, "దాన్నేమీ అనకండి బాబుగారూ. రెండేళ్ళ నుంచి ఏడుపు రాక చస్తోందండి అది" అంది. సంగతంతా ఆమే చెప్పింది.

మంగమ్మకు తొమ్మిదేళ్ళ కూతురు ఉండేది, తిరపతమ్మ. రెండేళ్ళ కిందట, ఇలాగే కోతల్లో, జ్వరమొస్తే బెజవాడ ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మూడో రోజు తెల్లవారుజామున పిల్ల పోయింది. తండ్రి సవరయ్య అంతకుముందురోజే ఊరికి వచ్చి ఉన్నాడు. మంగమ్మ ఒక్కతే. శవాన్ని ఊరు చేర్చాలంటే వ్యాను మాట్లాడాలి, ఆమె వల్ల అయ్యే పని కాదు. పిల్లకు తువ్వాలు కప్పి భుజాన వేసుకుని బస్సెక్కింది. కండక్టరు అడిగితే నిద్రపోతోందని చెప్పింది. తెలిస్తే దించేస్తారు. అంచేత నూజివీడు దాకా, అక్కడ మారి మళ్ళీ రెడ్డిగూడెం దాకా, చచ్చిపోయిన పిల్లను జోకొడుతూ కూర్చుంది. పక్కసీటు ఆవిడ, పిల్ల భలే బుద్ధిగా పడుకుందే అంటే మంగమ్మ నవ్విందట కూడా.

ఇంటికి చేరి పిల్లను మంచం మీద పడుకోబెట్టింది. మా వైపు చావింట తల్లి రాగం ఎత్తాలి. తల్లి ఎత్తితేనే తక్కిన ఆడవాళ్ళు వచ్చి ఆమెను వాటేసుకుని అందుకుంటారు. ఒకరి తర్వాత ఒకరు, ఆ పిల్ల పుట్టిన దగ్గర్నుంచి ఏమేం చేసిందో చెప్పుకుంటూ ఏడుస్తారు. ఆడవాళ్ళంతా చుట్టూ కూర్చున్నారు. మంగమ్మ ఎత్తలేదు. రాలేదు. పొద్దెక్కేదాకా చూసి, చివరికి ఎవరూ నోరు విప్పకుండానే పిల్లను తీసుకెళ్ళి వాగు పక్కన పూడ్చారు. ఆ రోజునుంచి ఊళ్ళో ఆమెకు రాతిగుండెది అని పేరు. సవరయ్య అన్నం పెట్టమని తప్ప వేరే మాట మాట్లాడడు.

ఇదంతా విని నాకు జాలి కలిగిందని రాసుకోవాలని ఉంది. కలిగింది జాలి కాదు, సంతోషం. ఇరవై రెండు దండగ ఫారాల తర్వాత ఒక మనిషి నిజంగా ఏడ్చింది, అదీ ఎవరూ ఊహించని పాటకు! ఆ సాయంత్రమే ప్రొఫెసరుగారికి నాలుగు పేజీల ఉత్తరం రాసి, మర్నాడు సైకిలు మీద వెళ్ళి పోస్టు చేశాను.

ఆ మధ్యాహ్నమే మంగమ్మ చేతులు సబ్బుతో తోముకుని వచ్చి నిలబడింది.

"ఆ పాట ఇంకోసారి పెడతారా బాబుగారూ?"

"ఇప్పుడు కుదరదు మంగమ్మా. ఉత్తరం రావాలి."

"పాటకి ఉత్తరమెందుకండీ?"

"మధ్యలో వింటే నా లెక్క చెడిపోతుంది. మళ్ళీ పెడతాలే."

రోజూ వచ్చేది. రోజూ అదే మాట. మూడు వారాలు ఆ పాట నా సంచిలో ఉంది, ఆమె పాకలో ఉంది, మధ్యన నేను కాపలా. అప్పుడే ఆమె చేతికి టేపురికార్డరు ఇచ్చేసి నేను వాగు వైపు వెళ్ళి కూర్చుని ఉంటే, రెండేళ్ళ ఏడుపు ఆ ఒక్క పూటతో తీరిపోయేదేమో. ఈ మాట తలుచుకోని రోజు లేదు.

మే మొదటి వారంలో జవాబు వచ్చింది. ప్రొఫెసరుగారు చాలా ఉత్సాహపడ్డారు. ఒక్కసారి ఏడిస్తే అది యాదృచ్ఛికం కావచ్చు. అదే పాట, అదే రెండు నిమిషాలు, రోజుకు రెండుసార్లు చొప్పున పదిరోజులు వినిపించి, ఎన్నో సెకనులో కన్నీరు వస్తోందో ప్రతిసారీ రాయమన్నారు. ఒక్క సెకను ఎక్కువ వినిపించకూడదని గీత గీసి మరీ రాశారు.

మళ్ళీ పాకలో అయితే పున్నయ్య ఒప్పుకోడు. బాబాయి చేత చెప్పించి, తోటకు ఆ చివరున్న మోటారు షెడ్డు తీసుకున్నాను. కోత జరిగే మేరకు అవతల కాబట్టి అక్కడ ఏడిస్తే కాయకు దోషం లేదని పున్నయ్య తేల్చాడు. మంగమ్మకు చెప్పగానే మొహం ఎంత విప్పారిందని! మర్నాడు ఉతికిన తుండుగుడ్డ ఒకటి తెచ్చుకుంది, కళ్ళు తుడుచుకోవడానికి.

మొదటిసారి నలభై సెకన్లు. షెడ్డు గోడకు ఆనుకుని కూర్చుని, కళ్ళు మూసుకుని, ఆ గుర్రుమనే శ్రుతి వినగానే ఊగడం మొదలుపెట్టింది. ఆమె రాగం ఎత్తితే నా చేతిమీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. వాచీ మాత్రం కదలకుండా పట్టుకున్నాను. రెండు నిమిషాలకు టేపు నొక్కి ఆపాను.

"ఇంకొంచెం ఉంచండి బాబుగారూ. ఇప్పుడే దాని పురుడు దగ్గరున్నా."

"సాయంత్రం మళ్ళీ పెడతాను."

"ఈ పాట ఇంకా ఉండే ఉంటదిగా అండీ. మధ్యలో ఆగిపోతోంది."

"ఉంది. అందరికీ రెండు నిమిషాలే వినిపించాలి. రూలు."

రూలు అన్నాక మంగమ్మ ఎదురు మాట్లాడలేదు. రూలు అంటే ఏమిటో ఆసుపత్రిలోనూ బస్సులోనూ బాగానే నేర్చుకుంది. తుండుగుడ్డ మడత పెట్టుకుని పనికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఆమె ఒక పద్ధతి పెట్టుకుంది. ఎక్కడ ఆగిందో అక్కడినుంచి సాయంత్రం అందుకునేది. ఆ రెండు నిమిషాల్లోనే పిల్లను పెంచుకుంటూ వచ్చింది. రెండో రోజు వెళ్ళిపోతూ, "ఇయ్యాల నడక దాకా వచ్చానండి" అంది. మూడో రోజు, "బడి దాకా" అంది. నేను తల ఊపి, పుస్తకంలో నలభై నాలుగు, నలభై తొమ్మిది అని వేసుకున్నాను. ఒకసారి మాత్రం అడిగాను, అదీ ప్రొఫెసరుగారికి పనికొస్తుందేమోనని.

"ఈ పాటే ఎందుకు ఏడిపిస్తోంది మంగమ్మా? ఇది పెళ్ళిపాట తెలుసా?"

"పెళ్ళిదాండీ?" అని ఆశ్చర్యపోయింది. "పాట సంగతి నాకేం తెలుసండీ. ఆ గుర్రుమనేది బస్సండి. ఆ బస్సు పోతానే ఉంటది, ఎవరో ఆడోళ్ళు నాకు బదులు ఏడుస్తా ఉంటారు. ఇక నేనూ ఏడవచ్చనిపిస్తదండి."

ఆ ఫారంలో కారణం రాయడానికి అయిదు గళ్ళున్నాయి. బస్సుకు గడి లేదు. రాయలేదు.

నాలుగో రోజు అరవై సెకన్లు దాటింది. అయిదో రోజు డెబ్భై ఆరు. ఇలా ఎందుకవుతోందో నాకు తెలియదా? శుభ్రంగా తెలుసు. ఒకే దెబ్బ పదేపదే తగిలితే మనసు మొద్దుబారుతుందని ఎం.ఏ. మొదటి సంవత్సరంలోనే చదివాను. పరీక్షలో రాశాను కూడా. కాని గ్రాఫు కాగితం మీద చుక్కలు ఒకదాని మీదకొకటి ఎక్కుతూ వంపు తిరుగుతుంటే, అబ్బ, ఎంత శుభ్రంగా వస్తోందో అని మురిసిపోయాను. పాఠ్యపుస్తకంలో బొమ్మ లాంటిది నా చేతుల్లో తయారవుతోంది.

ఆరో రోజు ఉదయం మంగమ్మ వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"ఇయ్యాల వద్దండి. రోజూ పెడితే అరిగిపోతోందండి."

"టేపు అరగదు మంగమ్మా. కొత్తది."

"టేపు కాదండి," అంది.

నాకు అర్థం కాలేదని అబద్ధం ఎందుకు చెప్పాలి? అర్థమైంది. ఇంకా పది చుక్కలు మిగిలి ఉన్నాయి.

"రోహిణి కార్తెలో రెండోరోజున పోయిందండి మా పిల్ల. ఇంకో పదిహేను రోజులుంది. ఆ రోజుకు దాచండి బాబుగారూ. అక్కడ, దాన్ని పెట్టిన చోట, చివరిదాకా ఏడవాలండి. నేను ఎత్తితే పార్వతోళ్ళు కూడా వస్తామన్నారు. ఒక్కసారి సాగనంపితే చాలండి దాన్ని. అప్పుడు పిలవని పిలుపండి, ఇప్పుడైనా పిలవాలి."

"ఆ రోజు మొత్తం పాట పెడతాను," అన్నాను. "రెండు నిమిషాలు కాదు, పాటంతా. నా దగ్గరుంది. కాని ఈ పదిరోజులూ మధ్యలో ఆపకూడదు. నువ్వు ఆపితే ఇన్నాళ్ళ పనీ వృథా."

"మొత్తమా?" అంది. నన్ను నమ్మింది. లోపలికి వచ్చి గోడకానుకుని కూర్చుంది.

ఏడో రోజు తొంభై ఐదు సెకన్లు, రాగం లేదు, కన్నీళ్ళు మాత్రమే. ఎనిమిదో రోజు కళ్ళు చెమర్చాయి, జారలేదు. తొమ్మిదో రోజు సాయంత్రం ఆమె పళ్ళు బిగబట్టి, మోకాళ్ళ మీద చేతులు కొట్టుకుని, "నా తల్లీ" అని తనే గొంతు పెట్టింది. ఎండుగొంతు. సిగ్గుపడి ఆపేసింది. పదో రోజు రెండుసార్లూ రెండు నిమిషాలు అలా కూర్చుని వింది, అంతే. ఆ రెండు గళ్ళలోనూ అడ్డగీత పెట్టాను. ఇరవై చుక్కలు పూర్తయ్యాయి.

ఆ బొమ్మ తర్వాత అచ్చయింది. 'అనుకున్నట్టే, స్పందన క్రమంగా తగ్గి ఆగిపోయింది' అని దాని కింద ఒక వాక్యం. వ్యాసం చివర చిన్న అక్షరాల్లో కె. వెంకటకృష్ణారావు అని నా పేరు. ఉద్యోగమూ వచ్చింది. ఆ పాఠం ఏటా నేనే చెబుతాను, బోర్డు మీద ఆ వంపు గీసి.

రోహిణి కార్తె రెండోరోజు పొద్దున్నే రెండో క్యాసెట్టు, కొత్త సెల్లులు తీసుకుని వాగు దగ్గరకు వెళ్ళాను. మంగమ్మ తలంటుకుని వచ్చింది. పార్వతి, ఇంకో నలుగురు ఆడవాళ్ళు ఆ రోజు కూలి మానుకుని వచ్చారు. సవరయ్య కూడా వచ్చాడు, కాస్త ఎడంగా తుమ్మచెట్టు కింద కూర్చున్నాడు. పిల్లను పెట్టిన చోట గుర్తుగా మూడు రాళ్ళున్నాయి. మంగమ్మ వాటి ముందు కూర్చుంది. ఆడవాళ్ళు ఆమె వెనక అర్ధచంద్రంలా కూర్చున్నారు, ఆమె గొంతెత్తగానే అందుకోవడానికి.

పాట పెట్టాను. మొత్తం తొమ్మిది నిమిషాల పాట. రెండు నిమిషాలు దాటాక దానిలో కొత్త గొంతులు కలిశాయి, మధ్యలో వాయిద్యం ఒక్కటే పోయింది, మళ్ళీ అందరూ కలిశారు. నేను కూడా అప్పుడే మొదటిసారి చివరిదాకా విన్నాను. మంగమ్మ ఆ పెట్టె వైపు తల ఒంచి, ఒక్క ముక్క పోకుండా వింటోంది. పార్వతి రెండుసార్లు ఆమె భుజం మీద చెయ్యి వేసింది. పాట అయిపోయి టేపు ఉత్తగా తిరిగే చప్పుడు మిగిలింది.

"ఇంకోసారి పెట్టండి," అంది మంగమ్మ.

పెట్టాను. మూడోసారీ పెట్టాను. తక్కిన పదకొండు పాటలూ వరసగా పెట్టాను, శవం ముందు పాడేది, పడవ మునిగినవాళ్ళది, అన్నీ. ఎండ నడినెత్తికొచ్చింది. ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచి, చీర కుచ్చిళ్ళు దులుపుకుని వెళ్ళిపోయారు. పార్వతి అందరికంటే చివర వెళ్ళింది. సవరయ్య లేచి, భార్య దగ్గరకొచ్చి నిలబడ్డాడు. రాళ్ళ వైపు చూసి, తలపాగా సవరించుకుని అతనూ వెళ్ళాడు.

"క్షమించు మంగమ్మా," అన్నాను.

"మీరేం చేశారులెండి. ఇప్పుడది ఉత్త పాటండి," అంది. తర్వాత ఏదో తట్టినట్టు నా వైపు తిరిగింది. "బాబుగారూ, మోటారు షెడ్డులో నేను ఏడిస్తే మీరు ఎదురుగా కూర్చుని రాశారుగా. ఆ పుస్తకం ఉందా?"

"ఉంది."

"చదవండి. నేనేమని ఏడ్చానో చదవండి. ఏడుస్తుంటే నోటికేమొచ్చిందో నాకు తెలవలేదండి, ఇప్పుడు ఎంత గుర్తు చేసుకున్నా రావటంలేదు. ఆ మాటలు వింటే వాటి వెంబడైనా వస్తదేమో."

సంచిలోంచి పుస్తకం తీశాను. ఇరవై మూడో నెంబరు పేజీ. నలభై, నలభై రెండు, నలభై నాలుగు, నలభై తొమ్మిది. పాట వినిపించే పెట్టెలోనే రికార్డు చేసే మీట కూడా ఉంది, పాట పోతుండగా అది పనిచేయకపోతే ఇంకో పెట్టె తెచ్చుకుని ఉండవచ్చు, అదీ లేకపోతే ఒక పెన్సిలు చాలేది. పదిరోజులు ఆమెకు రెండు గజాల దూరంలో కూర్చున్నాను. ఒక తల్లి తన కూతుర్ని పుట్టుక దగ్గర్నుంచి నా ముందు పెట్టింది. నేను వాచీ చూస్తున్నాను. ఎంత వెతుక్కున్నా నాకు గుర్తున్నవి ఆమె మామూలుగా చెప్పిన ముక్కలే, పురుడు, నడక, బడి.

ఆమె రాళ్ళ మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకుని, వినడానికి సిద్ధంగా కూర్చుంది. ఉత్త అంకెలున్నాయని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. పేజీ వైపు చూస్తూ కల్పించి చదవడం మొదలుపెట్టాను.

"పలకా బలపం పట్టుకుని, కాళ్ళ పట్టీలు ఘల్లుఘల్లుమంటూ బడికి పోయేదానివి తల్లీ..."

మంగమ్మ కళ్ళు తెరిచింది.

"దానికి పట్టీల్లేవండి," అంది. "ఎప్పుడూ కొనలేదండి."

ఆ మాటకైనా కన్నీళ్ళొస్తాయేమోనని ఇద్దరం కాసేపు చూశాం. రాలేదు. ఆమె చెయ్యి చాపి నా పుస్తకం తీసుకుని, చదువు రాకపోయినా ఆ పేజీని పైనుంచి కిందిదాకా చూసి, మూసి నా ఒళ్ళో పెట్టింది. మధ్యాహ్నం లోడు ఉందని చెప్పి తోటకు వెళ్ళిపోయింది.